ఛార్జ్ చెయ్యనన్న రోజు

శ్రీకాకుళం జిల్లాలో, సముద్రపు గాలి తగిలేంత దగ్గరలో, సరుగుడు తోటల మధ్య ఉన్న ఒక కరెంటు సబ్‌స్టేషన్‌లో నేను కొన్నేళ్ళు ఆపరేటరుగా పనిచేశాను. రాష్ట్రం విడిపోయిన కొత్త రోజులవి. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, కొన్నాళ్ళు పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుని, చివరికి కాంట్రాక్టు మీద ఈ పని సంపాదించుకున్నాను. ఆ సబ్‌స్టేషన్ కట్టిన దగ్గర్నుంచీ అక్కడ ఆడమనిషి పనిచెయ్యలేదు.

మొదటిరోజు ఉదయం ఒక లైన్‌మన్ వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఎండకి మాడిన మొహం, చెవి వెనక బీడీ. కంట్రోల్ రూమ్ గుమ్మంలో నిలబడి నన్ను చూశాడు. నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని కూడా చూశాడు.

"ఆపరేటరేడమ్మా?"

"నేనే."

"నువ్వేటి? గుంటవి కదే!" అని నవ్వాడు. మా వైపు గుంటంటే ఆడపిల్ల. ఆ నవ్వులో వెటకారం కంటే ఆశ్చర్యమే ఎక్కువ. "అయితే మా పేనాలు నీ సేతిలో ఎట్టినారా?"

సరదాకి అన్నా ఆ మాట నిజమే. మా సబ్‌స్టేషన్ నుంచి చుట్టుపక్కల ఊళ్ళకి కరెంటు లైన్లు వెళ్తాయి. వాటిని ఫీడర్లంటాం. ఏ ఫీడరు మీద తీగ తెగినా, స్తంభం పడినా లైన్‌మన్ ఎక్కి బాగుచెయ్యాలి. ఎక్కేముందు మా దగ్గర ఎల్‌సీ తీసుకుంటాడు. లైన్ క్లియర్ అన్నమాట. నేను ఆ ఫీడరు ఆపి, స్విచ్చులు తీసి, 'మనుషులు పనిచేస్తున్నారు' అన్న బోర్డు తగిలించాకే ఆయన స్తంభమెక్కుతాడు. పని పూర్తయి మనుషులందరూ దిగాక, ఎల్‌సీ ఎవరు తీసుకున్నారో ఆ మనిషే వచ్చిగానీ ఫోన్లోగానీ తిరిగి ఇవ్వాలి. అప్పుడే నేను లైన్లోకి కరెంటు వదలాలి. అలా వదలడాన్నే ఛార్జ్ చెయ్యడం అంటాం. మధ్యలో ఇంకెవరు చెప్పినా చెయ్యకూడదు. నియమం అర్థం చేసుకోవడానికి చదువక్కర్లేదు. కానీ ఎండలో, వానలో, తొందరలో, 'మనవాడే కదా చెప్తున్నాడు' అన్న నమ్మకం మీద పని నడిచిపోతూ ఉంటుంది. అక్కడే కష్టం.

మాది వంశధార ఒడ్డున, శ్రీముఖలింగానికి దగ్గర్లో ఒక ఊరు. ఇంట్లో వరి చేస్తారు. ఊడ్పుల రోజుల్లో మా అమ్మ గొంతు నాలుగు మళ్ళ అవతలికి వినపడేది. నారు సరిగ్గా పంచకపోతే మేస్త్రిని సైతం మొహం మీదే తిట్టేది. మా వైపు ఆడవాళ్ళకి నోరు లేదని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. అయితే అదే అమ్మ పాసుపుస్తకం కోసం మండలాఫీసుకి వెళ్తే గుమ్మం దాటేది కాదు. చెప్పులు బయట విప్పి, కొంగు చుట్టూ కప్పుకుని, "బావూ, బావూ" అంటూ తన వయసులో సగం ఉన్న గుమాస్తా ముందు నిలబడేది. కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చునేది కాదు. ఈ రెండు గొంతులూ ఒక్క మనిషివే ఎలా అయ్యాయో నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఉద్యోగంలో చేరాక, నాలోనూ ఆ రెండు గొంతులూ ఉన్నాయని తెలిసింది.

ముందు బాత్రూమ్ సంగతి చెప్పాలి. మా సబ్‌స్టేషన్‌లో అది లేదు. మగవాళ్ళు సరుగుడు తోటలోకి వెళ్ళొచ్చేవారు. నేను నీళ్ళు తాగడం మానేసి షిఫ్టు గడిపేదాన్ని. మా పై అధికారి ఏఈగారిని ఫోన్లో అడిగాను. "చూద్దాంలే అమ్మా" అన్నారు. మళ్ళీ అడిగితే మళ్ళీ చూద్దామన్నారు. నాకు మూత్రంలో మంట మొదలై, ఆసుపత్రికి వెళ్ళొచ్చాక ఆయనకి ఫోన్ చేసి ఈసారి అడగలేదు. "సార్, రేపట్నుంచి మధ్యాహ్నం కంట్రోల్ రూమ్‌కి తాళం వేసి ఊళ్ళో తెలిసినవాళ్ళింటికి వెళ్ళొస్తాను. ఆ టైములో ఫోన్ ఎత్తకపోతే ఏమీ అనుకోవద్దు" అని చెప్పాను. సబ్‌స్టేషన్‌ని మనిషి లేకుండా వదలకూడదు. ఆ వారంలోనే ఇటుకలు దిగాయి.

బాత్రూమ్ కట్టాక దాన్ని నాకంటే ఎక్కువగా వాడింది మగవాళ్ళే. తాళంచెవి మాత్రం నా దగ్గరుండేది. మొదటిరోజు వచ్చిన ఆ లైన్‌మన్‌ని అప్పటికి బాబాయ్ అని పిలిచేదాన్ని. ఆయన వచ్చినప్పుడల్లా, "ఓ పాపా, ఆ తాలవిలా పడీ" అని చెయ్యి చాపేవాడు. అప్పటికి నేను గుంటనుంచి పాపనయ్యాను.

తుఫాను వచ్చింది ఆ తర్వాత కొన్నేళ్ళకి, ఒక అక్టోబరులో. గాలి ఆగాక బయటికొచ్చి చూస్తే దూరం వరకూ ఆకాశం ఖాళీగా కనపడింది. జీడితోటలు, కొబ్బరిచెట్లు వేర్లతో లేచి పడున్నాయి. స్తంభాలు విరిగి, తీగలు పొలాల్లో చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. సెల్ టవర్లు కూడా పడిపోయాయి. మా సబ్‌స్టేషన్‌కి పైనుంచి వచ్చే సరఫరా ముందుగా వచ్చింది. ఊళ్ళకి వెళ్ళే ఫీడర్లు మాత్రం ఒక్కొక్కటే, స్తంభం తర్వాత స్తంభం పాతుకుంటూ బతికించాలి. బయటి జిల్లాల నుంచి కూడా మనుషులు వచ్చారు. లైన్‌మన్ బాబాయ్ ఇంటికి వెళ్ళి ఎన్ని రోజులైందో ఆయనకే తెలీదు. ఆయనింటి పెంకులు కూడా ఎగిరిపోయాయి.

ఆ రోజు ఉదయం ఆయనే స్వయంగా వచ్చి తీరం వైపు వెళ్ళే ఫీడరు మీద ఎల్‌సీ తీసుకున్నాడు. "సివరాకరికి ఎల్తన్నాను. ఆడ ఫోన్లు పన్జెయ్యవు. పనైపోతే నానే వస్తాను" అని చెప్పి, తన ముఠాతో ట్రాక్టరెక్కి వెళ్ళాడు.

మధ్యాహ్నం దాటేసరికి గేటు దగ్గర జనం చేరారు. తీరం ఊళ్ళవాళ్ళు, చేపల వేట మీద బతికేవాళ్ళు. మోటార్లు ఆడక ట్యాంకులు ఎండిపోయాయి. బావుల్లో తుఫాను నీళ్ళు కలిశాయి. ఆడవాళ్ళ చంకల్లో ఖాళీ ప్లాస్టిక్ బిందెలు. వాళ్ళతో వచ్చిన ఊరిపెద్ద ఒకాయన గేటు కమ్మీలు పట్టుకుని అరిచాడు.

"స్తంబాలు పాతీసినారు, తీగలు లాగీసినారు. మా కళ్ళతో సూసొచ్చినాం. ఇంకా ఎందుకమ్మా ఆపినావు?"

"లైన్‌మన్ వచ్చి చెప్పాలండీ."

"ఆడొచ్చీసరికి పొద్దు గూకుతాది!"

అంతలో ఫోన్ మోగింది. ఏఈగారు. గేటు పక్క ఒక్క చోటే సిగ్నల్ అందేది, అందువల్ల జనం ఎదురుగానే మాట్లాడాల్సి వచ్చింది.

"తీరం ఫీడరు పని అయిపోయిందటమ్మా. ఛార్జ్ చేసెయ్."

"ఎల్‌సీ రిటర్న్ అవ్వలేదు సార్."

"కాంట్రాక్టరు మనిషి చూసి వచ్చాడు. అందరూ దిగిపోయారట."

"ఎల్‌సీ తీసుకున్నది ఆయన కాదు కదండీ. లైన్‌మన్ చెప్పాలి."

"అక్కడ ఫోన్లు లేవు కదా, ఎలా చెప్తాడు?"

"ఎవరినైనా బండి మీద పంపించండి సార్."

"ఎవరున్నారు పంపడానికి? పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నాయి నాకు. నేను చెప్తున్నాను, ఛార్జ్ చెయ్. ఇది ఆర్డరు."

ఆ క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆయన చెడ్డమనిషి కాదు. ఆయన కూడా నిద్ర లేకుండా తిరుగుతున్నాడు. ఎదురుగా నీళ్ళు లేని జనం. అందరూ ఒకే మాట అంటున్నారు. ఎవరూ అబద్ధం చెప్తున్నట్టు కూడా లేదు. ఒక్క మనిషి గొంతు మాత్రం వినపడలేదు. ఆయన ఇంకా పైనే ఉంటే?

"నేను ఛార్జ్ చెయ్యను సార్" అన్నాను. గొంతు నేననుకున్నంత గట్టిగా రాలేదు. మళ్ళీ అన్నాను. "ఆయన గొంతు వినకుండా నేను చెయ్యను. తప్పదనుకుంటే మీరే వచ్చి మీ చేత్తో వెయ్యండి. నేను పక్కకి తప్పుకుంటాను."

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు.

గేటు బయట ఒకామె, చంకలో బిడ్డతో ఉన్న పడుచుపిల్ల, నన్ను చూసి ఏడుస్తూ తిట్టింది. "నీకు పిల్లల్లేరేటి? ఆడదానివేనా నువ్వు?" ఊరిపెద్ద పక్కనున్నవాళ్ళతో, నాకు వినపడేలాగే అన్నాడు. "ఆడదానికి కుర్సీ ఏస్తే ఇలగే ఉంటాది." పెద్దాయన మాట నన్నంతగా కదిలించలేదు. ఆ పిల్ల మాట గుచ్చుకుంది. ఆమె అడిగింది నీళ్ళే కదా.

అప్పుడు నాకు తట్టింది. గేటు పక్కన మా బోరు ఉంది. మా సబ్‌స్టేషన్‌కి సరఫరా ఉంది కాబట్టి ఆ మోటారు ఆడుతుంది. ఇంతసేపూ ఎందుకు తట్టలేదో! మోటారు వేసి, పైపు గేటు బయటికి లాగాను. "బిందెలిలా తెండి" అన్నాను. మొదట ఎవరూ కదల్లేదు. ఆ చంటిపిల్ల తల్లే ముందుకొచ్చి బిందె పెట్టింది. తర్వాత వరస కట్టారు. మగవాళ్ళు మాత్రం గట్టు మీద కూర్చుని నన్నే చూస్తూ ఉన్నారు. నేను లోపలికొచ్చి ప్యానెల్ ముందు కుర్చీలో కూర్చున్నాను.

పొద్దువాలుతుండగా లైన్‌మన్ బాబాయ్ ఎవరిదో మోటారుసైకిలు వెనక కూర్చుని వచ్చాడు. మోకాళ్ళ వరకూ బురద.

"అయిపోనాది పాపా. ఎల్‌సీ తీసీసుకో."

"మనుషులందరూ దిగినారా బాబాయ్? తీగలకి తగిలించిన ఎర్త్ రాడ్లు తీసేసినారా?"

"దిగి సానాసేపైనాది. జీడితోట కాడ టీ ఇచ్చినారు, తాగుతూ కూకున్నాం" అన్నాడు. ఆ తర్వాత గేటు దగ్గరి జనాన్ని చూసి, "ఏటైనాది?" అని అడిగాడు.

ఎల్‌సీ రిటర్న్ రాసుకుని లైను ఛార్జ్ చేశాను. సరఫరా ఆగిపోకుండా నిలబడింది. దూరంగా ఊరి వైపు నుంచి పిల్లల కేకలు వినపడ్డాయి. గేటు దగ్గరి జనం నా వైపు చూడకుండా లేచి వెళ్ళిపోయారు.

ఆయన టీ తాగుతూ కూర్చున్నాడు. ఈ మాట తర్వాత చాలా రోజులు నన్ను తినేసింది. ఎవరూ స్తంభం మీద లేరు. ఏఈగారు చెప్పినప్పుడే స్విచ్చు వేసుంటే ఏమీ అయ్యేది కాదు. కాంట్రాక్టరు మనిషి చెప్పింది నిజమే. ఊరివాళ్ళు చెప్పింది నిజమే. ఇలాంటివి ఎవరైనా చెప్పుకునేటప్పుడు చివర్లో ఒక ప్రాణం నిలబడుతుంది, అందరూ వచ్చి దణ్ణం పెడతారు. నాకు అలాంటిదేమీ దొరకలేదు. నాకు దొరికింది మెమో. సరఫరా పునరుద్ధరణలో కావాలని జాప్యం చేసినందుకు, పై అధికారితో అమర్యాదగా మాట్లాడినందుకు సంజాయిషీ ఇమ్మని.

ఆ వారం ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మకి చెప్పాను. అమ్మ పెరట్లో తడిసిన ధాన్యం ఆరబెడుతోంది.

"ఉజ్జోగం పోతాదేటే?" అంది.

"ఏమో. పోవచ్చు. అందరూ నాదే తప్పంటన్నారు. ఎవరికీ ఏటీ అవలేదు కదా."

అమ్మ కాలితో ధాన్యం నెరిపింది. "ఎవుడూ సావలేదు గాబట్టి నీకు కాయితం ఒచ్చినాది. ఎవుడైనా సచ్చుంటే ఆడికి దండ ఒచ్చీది. కాయితవే నయం" అంది. ఆ తర్వాత ధాన్యం గురించి మాట్లాడింది. మళ్ళీ ఎప్పుడూ ఆ విషయం ఎత్తలేదు.

శ్రీకాకుళంలోని పెద్దాఫీసుకి రమ్మన్నారు. ఏఈగారిని, లైన్‌మన్ బాబాయ్‌ని, నన్ను. పెద్ద టేబులుకి అవతల మా డివిజను ఇంజనీరుగారు, పదవీ విరమణకి దగ్గర్లో ఉన్న నెమ్మదైన మనిషి. ఇటువైపు కుర్చీలున్నాయి. ఏఈగారు కూర్చున్నారు. బాబాయ్ గోడవారగా నిలబడిపోయాడు. నేనూ నిలబడబోయి, అమ్మ గుర్తొచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఈ అమ్మాయి చెప్పిన విషయం తప్పని నేననను సార్" అన్నారు ఏఈగారు. "చెప్పిన తీరు. జనం ముందు, నన్నొచ్చి చేసుకోమని..."

"ఏ తీరులో చెప్పుంటే వినేవారు సార్?" అని అడిగాను.

ఎదురుతిరిగి అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలనిపించింది. ఆయన నా వైపు చూసి, టేబులు మీది పేపర్‌వెయిటు వైపు చూశారు.

డివిజను ఇంజనీరుగారు బాబాయ్‌ వైపు తిరిగారు. "ఆ టైముకి నువ్వెక్కడున్నావయ్యా? స్తంభం మీదున్నావా?"

"లేదండి. దిగిపోయినాను. టీ తాగుతన్నానండి."

గదిలో చిన్న నవ్వు. ఫైలు తెచ్చిన గుమాస్తా కూడా నవ్వాడు. నా చెవులు వేడెక్కాయి. అప్పుడే లేచొచ్చేద్దామనిపించింది. కానీ చెప్పాల్సింది ఒకటి మిగిలి ఉంది. బస్సులో వస్తూ దారంతా అనుకుంటూ వచ్చిన మాట అది.

"సార్, ఆయన దిగాడో లేదో నాకు తెలిసే మార్గం లేదు. తుఫానుల్లో సెల్‌ఫోన్లు పోతాయి. ప్రతి ముఠాతో ఒక బండీ, ఒక మనిషినీ పెట్టండి. పనవ్వగానే ఎల్‌సీ తీసుకున్న మనిషిని ఎక్కించుకుని సబ్‌స్టేషన్‌కి రావాలి. అప్పుడు నేను కాదనక్కర్లేదు, ఏఈగారు కోప్పడక్కర్లేదు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "రాసుకో" అని గుమాస్తాతో అన్నారు. అంతే. మమ్మల్ని వెళ్ళమన్నారు.

తిరుగుబస్సులో బాబాయ్ నా వెనక సీట్లో కూర్చున్నాడు. ఊరు దాటాక ముందుకి వంగి, "అయినా పాపా, నాను దిగినట్టు నీకెలాగ తెలస్తాది? నీ తప్పేటున్నాది ఇందల?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఆ మాట లోపల అనుంటే బాగుండీది కదా బాబాయ్!"

కిటికీ అవతల, మట్టలు విరిగిన కొబ్బరిచెట్లు వెనక్కి పోతున్నాయి. "పెద్దోల్ల ముందు నోరు రాలేదు తల్లీ" అన్నాడు చివరికి. "కాల్లు వనికిపోయినాయి."

అరచేతులు కాయలు కాచిన మనిషి. గాలివానలో స్తంభాలెక్కే మనిషి. ఆయన కాళ్ళు టేబులు ముందు వణికాయట. నా కోపం అక్కడితో దిగిపోయింది. అప్పటిదాకా నోరు పెగలకపోవడం ఆడవాళ్ళ జబ్బు అనుకునేదాన్ని. మమ్మల్ని అలా పెంచారని, మగవాళ్ళకి ఆ బాధ లేదని. ఈయన్ని ఎవరు అలా పెంచారు? జీవితమంతా పైనుంచి చెప్పింది విని ఎక్కడం, దిగడం. అంతే కదా. నాకు కనీసం అలవాటు లేదు కాబట్టి అడగగలిగాను. ఆయనకి ముప్ఫై ఏళ్ళ అలవాటు ఉంది.

మెమో మీద చివరికి హెచ్చరికతో సరిపెట్టారు. ఇకపై పై అధికారులతో మర్యాదగా మెలగాలని రాశారు. కాంట్రాక్టు మళ్ళీ ఇచ్చారు. ఏఈగారు నాతో పని ఉన్నంత వరకే మాట్లాడేవారు. అయితే 'అమ్మా, చెయ్' అనడం మానేసి, 'చెయ్యండి' అనడం మొదలుపెట్టారు. అది గౌరవమో దూరమో నేను తేల్చుకోలేదు. ఊళ్ళో కొందరు నన్ను 'ఆ పొగరుపిల్ల' అనేవారని తెలుసు. ఆ పేరుకి కూడా అలవాటుపడ్డాను. మరుసటి ఏడు వర్షాల ముందు నిజంగానే బండ్లు వచ్చాయి. ఎవరు అడిగితే వచ్చాయో ఏ కాయితంలోనూ లేదు.

ఆ వర్షాల్లోనే ఒకరోజు, ఈదురుగాలికి ఒక ఫీడరు పోయింది. ఏఈగారు సబ్‌స్టేషన్‌లోనే ఉన్నారు. బాబాయ్ చూసి వచ్చాడు. ఎల్‌సీ కోసం వస్తాడనుకుని నేను లేచాను. ఆయన నా వైపు రాలేదు. ఏఈగారి ముందు నిలబడ్డాడు.

"సార్, ఆ మలుపు కాడి స్తంబం మొదట్లో బీటిచ్చినాది. నాను ఎక్కను."

"చిన్న బీటేకదయ్యా. జాగ్రత్తగా ఎక్కి తీగ కలిపేసి దిగు. మార్చడానికి రేపు చూద్దాం."

"లేదండి" అన్నాడు. రెండు చేతులతో తలగుడ్డ నలిపేస్తున్నాడు. "నాను ఎక్కను. నా ముఠాలోని వోడినెవుడ్నీ ఎక్కనివ్వను."

నేను ప్యానెల్ వైపు తిరిగి నిలబడ్డాను. ఆయన ముఖం చూస్తే ఆయనకి ఇబ్బందవుతుందేమోనని. ఏఈగారు ఫోన్ తీసి స్టోరుకి చేశారు. స్తంభం ఉందా అని అడిగారు. క్రేను ఎప్పుడొస్తుందని అడిగారు.

ఆ రాత్రి ఆ ఊళ్ళకి కరెంటు లేదు. మర్నాడు ఉదయం నేను షిఫ్టుకి వస్తూ మలుపు దగ్గర బస్సు దిగి చూశాను. పాత స్తంభాన్ని తాళ్ళతో దించుతున్నారు. కొత్తదాని కోసం గొయ్యి తవ్వుతున్నారు. బాబాయ్ గొయ్యి అంచున నిలబడి, "ఇంకా లోతు తియ్యండ్రా, ఇంకా లోతు" అని అరుస్తున్నాడు.